కాగితాలను పట్టిన తీగ - యోహాన్ వాలెర్ జీవితకథ

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు

- కాగితాలను పట్టి ఉంచే క్లిప్పు ఎలా పనిచేస్తుందో వివరించగలుగుతారు.
- యోహాన్ వాలెర్ జీవితంలోని ముఖ్య ఘట్టాలను చెప్పగలుగుతారు.
- పేటెంటు అంటే ఏమిటో, ఒక వస్తువును కనిపెట్టిన ఘనత ఎవరిదో తేల్చడం ఎందుకు కష్టమో తెలుసుకుంటారు.
- గోడకు బిగించే క్లిప్పును సొంతంగా తయారు చేసుకోవడానికి ఏయే విషయాలు చూసుకోవాలో గ్రహిస్తారు.

1. ప్రవేశం

మీ ఇంట్లో కరెంటు బిల్లులు, పిల్లల ఫీజు రసీదులు ఎక్కడ పెడతారు? కొందరు గోడకు మేకు కొట్టి, దానికి ఒక క్లిప్పు తగిలిస్తారు. కొందరు కొక్కెంలా వంచిన ఇనుప తీగకు గుచ్చుతారు. పరీక్ష రాసేవాళ్లు అట్టకు బిగించిన క్లిప్పులో కాగితాలు దూర్చుకుంటారు. చూడటానికి ఇవి చిన్న వస్తువులే. కాని ఇవి లేకపోతే అవసరం పడిన రోజున అవసరమైన కాగితం దొరకదు. రేషను కార్డు కోసమో, పింఛను కోసమో ఒక్క కాగితం వెతుక్కుంటూ ఇల్లంతా తిరగేసిన అనుభవం మీకూ ఉండే ఉంటుంది.

ఢిల్లీలో ఉన్నవారికి చావడీ బజారు తెలిసే ఉంటుంది. పాత ఢిల్లీలో కాగితాల టోకు వ్యాపారానికి అది పేరుపడ్డ చోటు. అక్కడైనా, మన ఊళ్లో పుస్తకాల దుకాణంలోనైనా చిన్న తీగ క్లిప్పులు కావాలంటే ఏమని అడుగుతాం? జెమ్ క్లిప్పులు ఇవ్వమంటాం. ఈ 'జెమ్' అన్న మాటను గుర్తుపెట్టుకోండి. పాఠం చివరికి వచ్చేసరికి దాని విలువ మీకు తెలుస్తుంది.

ఈ క్లిప్పును కనిపెట్టింది నార్వే దేశస్థుడైన యోహాన్ వాలెర్ అని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఆయన ఎవరు? నిజంగా ఆయనే కనిపెట్టాడా? ఈ పాఠంలో చూద్దాం.

2. గుండుసూదుల కాలం

క్లిప్పులు రాకముందు కాగితాలను ఎలా కలిపి ఉంచేవారు? కాగితాలకు చిల్లు పొడిచి దారంతో కట్టేవారు, లక్కతో అతికించేవారు, లేదా గుండుసూదితో గుచ్చేవారు. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో గుండుసూదుల తయారీ పెద్ద పరిశ్రమ. ఆడం స్మిత్ అనే అర్థశాస్త్రవేత్త 1776లో ప్రచురించిన తన గ్రంథంలో ఈ పరిశ్రమనే ఉదాహరణగా తీసుకున్నాడు. సూది తయారీలో సుమారు 18 పనులున్నాయనీ, వాటిని పంచుకుని చేస్తే పదిమంది కలిసి రోజుకు 48,000 సూదులు చేయగలరనీ లెక్క చూపాడు.

సూదులు చవకగా దొరికేవి. కాని వాటితో మూడు ఇబ్బందులు ఉండేవి. కాగితానికి చిల్లు పడేది. వేళ్లకు గుచ్చుకునేది. కొంతకాలానికి తుప్పు పట్టి కాగితం మీద ఎర్రటి మరక మిగిలేది. పాత దస్తావేజులు చూసినవారికి ఆ మరకలు పరిచయమే. పాత పత్రాలను భద్రపరిచే చోట్ల తుప్పు పట్టిన సూదులను, క్లిప్పులను జాగ్రత్తగా తీసివేయడం ఇప్పటికీ ఒక ముఖ్యమైన పని.

19వ శతాబ్దం మధ్యలో ఉక్కును చవకగా తయారుచేసే పద్ధతులు వచ్చాయి. వంచితే వంగి, వదిలితే మళ్లీ తన ఆకారానికి వచ్చే సన్నని ఉక్కు తీగ అందరికీ అందుబాటులోకి వచ్చింది. అదే కాలంలో ఆఫీసులు పెరిగాయి, కాగితాలూ పెరిగాయి. చిల్లు పెట్టకుండా కాగితాలను పట్టి ఉంచే ఉపాయం కోసం ఎందరో తలలు పట్టుకున్నారు. 1867లో అమెరికాలో శామ్యూల్ ఫే అనే వ్యక్తి వంచిన తీగకు పేటెంటు పొందాడు. గుడ్డలకు చీటీలు తగిలించడం అతని ముఖ్య ఉద్దేశం. ఆ తరవాత ముప్పై ఏళ్లలో రకరకాల తీగ క్లిప్పులు పుట్టుకొచ్చాయి.

ఆలోచించండి - 1
(అ) గుండుసూది వల్ల కాగితాలకు కలిగే నష్టాలు ఏవి?
(ఆ) తీగ క్లిప్పులు రావడానికి ఉక్కు తయారీకి సంబంధం ఏమిటి?

3. గుమాస్తా జీవితం

యోహాన్ వాలెర్ 1866 మార్చి 15న నార్వేలోని ఔర్స్కోగ్ అనే చోట పుట్టాడు. అప్పటికి నార్వేకు పూర్తి స్వాతంత్ర్యం లేదు. స్వీడన్ రాజు ఏలుబడిలో రెండు దేశాలు కలిసి ఉండేవి. ఆ బంధం 1905లో తెగింది. వాలెర్ జీవితంలో ఎక్కువ భాగం ఆ కలిసి ఉన్న కాలంలోనే గడిచింది. తమది అని చెప్పుకోదగిన గొప్పతనాల కోసం నార్వే ప్రజలు ఆశగా చూసే కాలమది. తరవాతి కథకు ఈ సంగతి అవసరం.

వాలెర్ రాజధాని క్రిస్టియానియాలో విజ్ఞానశాస్త్రం, గణితం చదువుకున్నాడు. ఆ నగరాన్నే 1925 నుంచి ఓస్లో అంటున్నారు. 1892లో ఆయన ఆ నగరంలోని బ్రిన్ పేటెంటు కార్యాలయంలో ఉద్యోగంలో చేరాడు. తరవాత అక్కడే కార్యాలయ నిర్వాహకుడి స్థాయికి ఎదిగాడు. చనిపోయే వరకూ ఆయన కొలువు అదే.

పేటెంటు అంటే ఏమిటి? మీరు ఒక కొత్త వస్తువునో, కొత్త పద్ధతినో కనిపెట్టారనుకోండి. దాన్ని కొంతకాలం పాటు మీ అనుమతి లేకుండా మరొకరు తయారుచేసి అమ్మకుండా ప్రభుత్వం ఇచ్చే హక్కే పేటెంటు. ఆ హక్కుకు బదులుగా మీరు మీ ఉపాయాన్ని బొమ్మలతో సహా అందరికీ తెలిసేలా రాసి ఇవ్వాలి. మన దేశంలో దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 సంవత్సరాల వరకు ఈ హక్కు ఉంటుంది. ఢిల్లీ వాసులకు ద్వారకలో, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాసులకు చెన్నైలో పేటెంటు కార్యాలయాలు ఉన్నాయి.

వాలెర్ పనిచేసింది ప్రభుత్వ కార్యాలయంలో కాదు. కనిపెట్టినవారి తరఫున దరఖాస్తులు తయారుచేసి పంపే సంస్థలో. అక్కడ కాగితాలే పెట్టుబడి, కాగితాలే సరుకు. ఒక్కో దరఖాస్తుకు వివరణ, బొమ్మలు, ఉత్తరాలు ఉంటాయి. ఒకరి బొమ్మ మరొకరి వివరణలో కలిసిపోతే హక్కే చెడిపోవచ్చు. ఇలాంటి చోట కాగితాలను విడిపోకుండా ఉంచడం ఎంత అవసరమో మీరు ఊహించగలరు. స్విట్జర్లాండులో 1902 నుంచి 1909 వరకు పేటెంటు కార్యాలయంలోనే ఉద్యోగం చేసిన మరో వ్యక్తి ఆల్బర్ట్ ఐన్‌స్టీన్. ఇతరుల ఉపాయాలను రోజూ పరిశీలించే కొలువులో సొంత ఆలోచన చావవలసిన పనిలేదని ఈ ఇద్దరినీ చూస్తే తెలుస్తుంది.

4. రెండు పేటెంట్లు

వాలెర్ ఒక తీగ క్లిప్పును రూపొందించాడు. 1899 నవంబరు 12న జర్మనీలో పేటెంటు కోసం దరఖాస్తు పెట్టాడు. 1901 జనవరి 9న అమెరికాలో కూడా దరఖాస్తు పెట్టాడు. రెండు చోట్లా పేటెంటు 1901 జూన్‌లోనే, రెండు రోజుల తేడాతో మంజూరైంది. అమెరికాలో జూన్ 4న, జర్మనీలో జూన్ 6న.

ఆ క్లిప్పు ఎలా ఉండేది? ఒక తీగ ముక్కను దీర్ఘచతురస్రంగానో, త్రికోణంగానో, చతురస్రంగానో వంచాలి. తీగ రెండు కొనలూ ఒకదాని పక్కన ఒకటి నాలుకల్లా వస్తాయి. ఆ కొనల మధ్య కాగితాలు ఇరికించాలి. వంగిన తీగ తన పాత ఆకారానికి రావాలని చూస్తుంది. ఆ ప్రయత్నంలో కాగితాలను నొక్కి పట్టుకుంటుంది. సూత్రం సరైనదే.

ఇప్పుడు మీ దగ్గరున్న జెమ్ క్లిప్పును చేతిలోకి తీసుకుని చూడండి. తీగ ఎన్నిసార్లు తిరిగింది? లెక్కపెడితే మూడు మలుపులు కనిపిస్తాయి. చివరి మలుపు వల్ల లోపల ఒక చిన్న ఉంగరం, బయట ఒక పెద్ద ఉంగరం ఏర్పడ్డాయి. బొటనవేలితో తోస్తే చాలు, లోపలి ఉంగరం కాగితాలకు ఒకవైపు, బయటి ఉంగరం మరోవైపు జారిపోతాయి. వాలెర్ క్లిప్పులో ఆ చివరి మలుపు లేదు. అందువల్ల కాగితాలు దూర్చడం కష్టమయ్యేది. పట్టు కూడా అంత గట్టిగా ఉండేది కాదు. తేడా ఒక్క మలుపే. కాని రోజుకు వందసార్లు వాడే వస్తువులో ఆ ఒక్క మలుపే జయాపజయాలను తేల్చింది.

వాలెర్ దరఖాస్తు పెట్టేనాటికే జెమ్ క్లిప్పు బ్రిటన్‌లో, అమెరికాలో అమ్ముడవుతూ ఉంది. జెమ్ పేరుగల కాగితపు బిగింపును మెచ్చుకుంటూ 1883లోనే ఒక రచన వచ్చింది. 1893 నాటి ప్రకటనలో దాని బొమ్మ కనిపిస్తుంది. అమెరికాలోని వాటర్‌బరీ పట్టణానికి చెందిన విలియం మిడిల్‌బ్రూక్ 1899 ఏప్రిల్ 27న క్లిప్పులు చేసే యంత్రానికి పేటెంటు కోరాడు. ఆ యంత్రం బొమ్మలో మనం ఇప్పుడు వాడే జెమ్ క్లిప్పే ఉంది. అంటే వాలెర్ జర్మనీ దరఖాస్తుకు ఆరు నెలల ముందే ఆ క్లిప్పును యంత్రంతో చేసే ఏర్పాటు జరిగిపోయింది. నార్వే బజారుకు జెమ్ క్లిప్పు అప్పటికి చేరకపోవడం వల్ల వాలెర్ దాన్ని చూసి ఉండకపోవచ్చని చరిత్రకారుల అభిప్రాయం.

వాలెర్ క్లిప్పును ఎవరూ పెద్ద ఎత్తున తయారుచేయలేదు. దాని వల్ల ఆయనకు డబ్బూ రాలేదు, పేరూ రాలేదు. కాలం తీరి పేటెంట్లు రద్దయిపోయాయి. 1910 మార్చి 14న, మరునాటికి 44 ఏళ్లు నిండుతాయనగా, ఆయన క్రిస్టియానియాలో చనిపోయాడు. అప్పటికి ఆయన ఒక పేటెంటు కార్యాలయపు ఉద్యోగి, అంతే.

ఆలోచించండి - 2
(అ) వాలెర్ క్లిప్పుకు, జెమ్ క్లిప్పుకు ఉన్న ముఖ్యమైన తేడా ఏమిటి?
(ఆ) పేటెంటు వచ్చినంత మాత్రాన వస్తువు బజారులో నిలుస్తుందా? మీ మాటల్లో రాయండి.

5. పోయిన తరవాత వచ్చిన పేరు

1920లలో నార్వే పేటెంటు సంస్థకు చెందిన ఒక ఇంజనీరు జర్మనీ వెళ్లాడు. నార్వే వారి పేటెంట్లు అక్కడ ఎన్ని ఉన్నాయో నమోదు చేయడం ఆయన పని. పాత కాగితాల్లో వాలెర్ పేటెంటు కనిపించింది. తీగ క్లిప్పు అన్న మాట చూసి, అప్పటికి అంతటా వాడుకలో ఉన్న క్లిప్పు ఇదేననుకున్నాడు. బొమ్మలను పోల్చి చూడలేదు. క్లిప్పును కనిపెట్టింది నార్వేవాడేనని నివేదికలో రాశాడు. ఒకరు రాసినదాన్ని మరొకరు తీసుకుని రాశారు. రెండో ప్రపంచయుద్ధం తరవాత అది విజ్ఞాన సర్వస్వాలకూ ఎక్కింది.

ఈ నమ్మకం అంతగా వేళ్లూనడానికి యుద్ధమే ముఖ్య కారణం. 1940 ఏప్రిల్ 9న జర్మనీ నాజీ సైన్యాలు నార్వేపై దాడి చేశాయి. రాజు హాకన్ దేశం విడిచి ఇంగ్లండు చేరాడు. నార్వే ప్రజలు రాజు పేరుగల బిళ్లలు తగిలించుకుని తమ నిరసన తెలిపేవారు. ఆ బిళ్లలను నిషేధించారు. అప్పుడు విద్యార్థులు, ఉపాధ్యాయులు, మామూలు జనం కోటు అంచుకు ఒక తీగ క్లిప్పు తగిలించుకోసాగారు. క్లిప్పు కాగితాలను కలిపి పట్టినట్టు మేమంతా కలిసి ఉన్నాం అని దాని భావం. పాలకులకు ఆ భావం అర్థమైంది. క్లిప్పు పెట్టుకోవడాన్ని కూడా నేరం చేశారు. నార్వే 1945 మే 8న విముక్తి పొందింది.

ఆ రోజుల్లో క్లిప్పు పెట్టుకున్నవారు అది తమ దేశంలో పుట్టిందని పెట్టుకోలేదు. దాని పని చూసి పెట్టుకున్నారు. కాని యుద్ధం ముగిశాక రెండు కథలూ ఒకటైపోయాయి. తమ పోరాటానికి గుర్తయిన వస్తువు తమ దేశపువాడి సృష్టే అని వింటే ఎవరికి సంతోషం కలగదు? 1989లో ఓస్లోకు దగ్గరలో సుమారు 7 మీటర్ల ఎత్తు క్లిప్పును స్మారకంగా నిలబెట్టారు. 1999లో వాలెర్ దరఖాస్తుకు నూరేళ్లయిన సందర్భంగా నార్వే తపాలా శాఖ ఒక బిళ్ల విడుదల చేసింది. వెనక వాలెర్ జర్మన్ పేటెంటు పత్రం, ముందు క్లిప్పు బొమ్మ. కాని ఆ బొమ్మలో ఉన్నది వాలెర్ క్లిప్పు కాదు, జెమ్ క్లిప్పు!

మీకు తెలుసా?
1998లో అమెరికాలోని విట్‌వెల్ అనే చిన్న పట్టణపు పాఠశాల పిల్లలు నార్వే ప్రజల క్లిప్పుల కథ విన్నారు. నాజీల చేతిలో చనిపోయిన 60 లక్షల మంది యూదులకు గుర్తుగా ఒక్కొక్కరికి ఒక్కో క్లిప్పు చొప్పున సేకరించడం మొదలుపెట్టారు. ప్రపంచం నలుమూలల నుంచి 60 లక్షలకు మించి ఎన్నో రెట్లు క్లిప్పులు వచ్చిపడ్డాయి.

6. ఘనత ఎవరిది?

మరి జెమ్ క్లిప్పును కనిపెట్టింది ఎవరు? దానికి ఎవరూ పేటెంటు తీసుకోలేదు. అందుకే పేటెంటు పుస్తకాల్లో ఒక పేరు దొరకదు. బ్రిటన్‌లోని జెమ్ అనే కంపెనీ పేరు మీదుగా దానికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఆ చివరి మలుపు తిప్పిన చేయి ఎవరిదో చరిత్రకెక్కలేదు. పేరు మిగిలినవాడి క్లిప్పు నిలవలేదు. క్లిప్పు నిలిచినవాడి పేరు మిగలలేదు. అయితే మనం దుకాణంలో అడిగే 'జెమ్' అన్న మాటలో మాత్రం ఆ నిజం దాగి ఉంది. విజ్ఞాన సర్వస్వాలు పొరబడినా, దుకాణదారు మాట పొరబడలేదు.

అలాగని వాలెర్‌ను తక్కువ చేయడం న్యాయం కాదు. ఆయన ఎవరినీ మోసగించలేదు. తాను గీసిన ఆకారానికే హక్కు కోరాడు, దానికే పొందాడు. లోకమంతా వాడే క్లిప్పు తనదేనని చెప్పుకున్నది ఆయన కాదు. ఆ మాట ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు ఇతరులు అన్నది. ఆయన పేటెంటు పత్రాల్లోని బొమ్మలే ఆయన తరఫున నిజం చెబుతున్నాయి.

చదువుకునే మనకు ఇందులో ఒక హెచ్చరిక ఉంది. అచ్చులో ఉన్నంత మాత్రాన మాట నిజం కాదు. పదిమంది రాసినా, వారంతా మొదటివాడిని చూసి రాసినవారే అయితే అది ఒక్కరి మాటే. మొదటి కాగితం దాకా వెళ్లి, బొమ్మను వస్తువుతో పోల్చి చూసినవారికే నిజం తెలిసింది.

7. గోడ క్లిప్పు - మీరే రూపొందించండి

వాలెర్ చనిపోయిన 1910లోనే వాషింగ్టన్‌లో లూయీ బాల్ట్‌జ్లీ అనే యువకుడు మందపాటి కట్టలను పట్టే క్లిప్పును రూపొందించాడు. నల్లని రేకు, రెండు తీగ పిడులు ఉండే ఆ క్లిప్పు మీకు తెలిసినదే. దాని పిడిని మేకుకు తగిలిస్తే అదే గోడ క్లిప్పు అవుతుంది. ఇప్పుడు మీరే ఒక గోడ క్లిప్పు చేయాలనుకుంటే ఈ విషయాలు చూసుకోండి.

మొదటిది బరువు. బల్ల మీది క్లిప్పు కాగితాలను విడిపోకుండా ఉంచితే చాలు. గోడ క్లిప్పు వాటిని కిందికి జారకుండా కూడా ఆపాలి. కాగితాల బరువు కిందికి లాగుతుంది. క్లిప్పు నొక్కుడు వల్ల పుట్టే ఘర్షణ దాన్ని ఆపుతుంది. పట్టే చోట సన్నని రబ్బరు ముక్క అతికిస్తే ఘర్షణ పెరుగుతుంది.

రెండోది వెడల్పు. ఒకే చోట పట్టుకుంటే కాగితం పక్కకు వాలుతుంది, మూల చిరుగుతుంది. వెడల్పాటి పట్టు గాని, దూరదూరంగా రెండు క్లిప్పులు గాని ఉంటే కాగితం నిటారుగా నిలుస్తుంది.

మూడోది మందం. ఒక్క రసీదునూ పట్టాలి, యాభై రసీదులనూ పట్టాలి. అన్ని స్ప్రింగులూ ఈ రెండు పనులూ చేయలేవు. హద్దుకు మించి వంచిన తీగ మళ్లీ తన ఆకారానికి రాదు. మీ ఇంటి అవసరమెంతో ముందే లెక్క వేసుకోండి.

నాలుగోది చేయి. గోడ క్లిప్పుకు ఒక చేత్తో నొక్కి, మరో చేత్తో కాగితం పెట్టాలి. స్ప్రింగు మరీ బిగువుగా ఉంటే ఇంట్లో పెద్దవాళ్లు వాడలేరు. వాలెర్ క్లిప్పు ఓడిపోయింది ఇలాంటి చోటే.

ఐదోది తడి. వంటింటి గోడకో, చెమ్మ ఎక్కే గోడకో పెట్టేట్టయితే తుప్పు పట్టని లోహం గాని, ప్లాస్టిక్కు గాని వాడండి.

ఒక బట్టల క్లిప్పు, చిన్న చెక్క ముక్క, రెండు మరలు ఉంటే మొదటి నమూనా తయారవుతుంది. చెక్కను గోడకు బిగించి, క్లిప్పు ఒక వైపును చెక్కకు అతికించండి. వారం రోజులు వాడి చూడండి. ఎక్కడ జారిందో, ఎవరికి కష్టమైందో రాసుకోండి. తరవాత మార్చండి.

8. మీరేం నేర్చుకున్నారు?

- ఉక్కు తీగ తన ఆకారానికి తిరిగి రావాలని చూడటం, ఘర్షణ - ఈ రెండే క్లిప్పు పనికి ఆధారాలు.
- వాలెర్ 1901లో జర్మనీ, అమెరికా పేటెంట్లు పొందాడు. ఆయన క్లిప్పులో చివరి మలుపు లేదు.
- ఆయన పోయాక కాగితాలను సరిగా చూడకపోవడం వల్ల, యుద్ధకాలపు అభిమానం వల్ల జెమ్ క్లిప్పు ఘనత ఆయనకు దక్కింది.
- నిజం తెలియాలంటే మొదటి ఆధారాన్ని చూడాలి.

9. పాఠాంత ప్రశ్నలు

1. వాలెర్ ఉద్యోగ జీవితం గురించి ఐదు వాక్యాలు రాయండి.
2. నార్వే ప్రజలు యుద్ధకాలంలో క్లిప్పును ఎందుకు ధరించారు?
3. మీ ఊళ్లో పేరు మిగలని పనివారు చేసిన ఉపయోగకరమైన వస్తువు ఏదైనా ఉందా? దాన్ని వర్ణిస్తూ పది వాక్యాలు రాయండి.
4. మీరు చేసిన గోడ క్లిప్పు బొమ్మ గీసి, అది పనిచేసే తీరు వివరించండి.

'ఆలోచించండి' జవాబులు

1. (అ) చిల్లు పడుతుంది; తుప్పు మరక అంటుతుంది. (ఆ) వంచినా తన ఆకారానికి తిరిగి వచ్చే సన్నని ఉక్కు తీగ చవకగా దొరకడం వల్లనే క్లిప్పులు సాధ్యమయ్యాయి.
2. (అ) జెమ్ క్లిప్పులో చివరి మలుపు వల్ల ఉంగరం లోపల మరో ఉంగరం ఉంది. వాలెర్ క్లిప్పులో అది లేదు. (ఆ) మీ జవాబును 4వ భాగంతో పోల్చి చూసుకోండి.